చూసిన సినిమాను నోటుపుస్తకంలో నిలుపుకోవడం ఎలా

తెలుగులో తొలి టాకీ, అంటే మాటలున్న తొలి చిత్రం, 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని మనం దశాబ్దాల పాటు నమ్ముతూ వచ్చాం. ఆ తేదీని పుస్తకాల్లో అచ్చు వేసుకున్నాం, సభల్లో చెప్పుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత ఆధారాలు తవ్వి తీసి, ఆ చిత్రానికి సెన్సారు పూర్తయిందే 1932 జనవరి 22న అనీ, బొంబాయిలోని కృష్ణా థియేటర్లో అది తొలిసారి ఆడింది 1932 ఫిబ్రవరి 6న అనీ చూపిన తరువాత గానీ ఆ పొరపాటు బయటపడలేదు. ఆ బొమ్మను తొలి రోజుల్లో చూసిన వారిలో ఒక్కరైనా ఇంటికి వెళ్ళి, ఫలానా రోజున ఫలానా హాల్లో చూశానని ఒక్క వాక్యం రాసి పెట్టుకుని, ఆ కాగితం మనకు దక్కి ఉంటే ఇంత వెతుకులాట అవసరమయ్యేది కాదు. సినిమాను ప్రాణంగా చూసుకునే వారు ప్రతి ఒక్కరూ తాము చూసిన దాన్ని రాసి పెట్టుకోవాలని నేను పట్టుబట్టి చెప్పడానికి కారణం ఇదే. ఇరవై ఏళ్లుగా నేను పాటిస్తున్న పద్ధతిని, అందులో చేసిన తప్పులతో సహా, ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా పుస్తకం సంగతి. గట్టి అట్ట ఉన్న 200 పేజీల రూళ్ల పుస్తకం చాలు. సినిమా డైరీ అని అందంగా ముద్రించి, గడులు గీసి అమ్మే పుస్తకాలు కొనవద్దు. వాటిలో అభిప్రాయానికి వదిలిన చోటు మూడు వేళ్ల వెడల్పు కూడా ఉండదు. ఫోన్‌లో రాసుకోవడం సులువే కానీ, ఫోన్ మారినప్పుడల్లా పాత రాతలు ఎక్కడో ఒక చోట జారిపోతాయి, పైగా రాయడానికి తీసిన ఫోన్ రెండు నిమిషాల్లో ఇతరుల సమీక్షల దగ్గరికి మనల్ని తీసుకుపోతుంది. కాగితమే మంచిదని నా గట్టి అభిప్రాయం. తెరిచిన పుస్తకంలో ఎదురెదురుగా ఉండే రెండు పేజీలను ఒక్కో సినిమాకు కేటాయించండి. ఎడమ పేజీ వివరాలకు, కుడి పేజీ మీ మాటకు. కుడి పేజీలో కింది మూడో వంతును ఖాళీగా వదలండి. దాని అవసరం తరువాత తెలుస్తుంది.

ఎడమ పేజీలో తేదీ, ఊరు, హాలు పేరు, ఆట, కూర్చున్న తరగతి, టికెట్టు ధర, వెంట వచ్చిన వారు, ఈ ఏడూ తప్పకుండా ఉండాలి. మార్నింగ్ షోనో మ్యాట్నీనో ఫస్ట్ షోనో సెకండ్ షోనో రాయడం చాదస్తంగా అనిపించవచ్చు. పదేళ్ల తరువాత ఆ పేజీ తెరిచినప్పుడు, సెకండ్ షో అన్న ఒక్క మాట చూడగానే ఆ రాత్రి ఆటో దొరకక నడిచి వచ్చిన దారి మొత్తం గుర్తుకు వస్తుంది. ఆ తరువాత పేర్లు రాయాలి. దర్శకుడు, నటీనటులు అందరికీ తెలిసిన వారే కాబట్టి వారి పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి. కూర్పు (ఎడిటింగ్) ఎవరు చేశారు, కళ ఎవరిది, శబ్దం ఎవరు చూశారు, నాయికకు గొంతు ఎవరు అరువిచ్చారు అన్నవి మాత్రం వెతికి పట్టుకోవలసినవి. సినిమా రంగంలో 24 శాఖలని వింటూ ఉంటాం. అన్నిటినీ ఒకేసారి గమనించడం ఎవరి వల్లా కాదు. ఒక సినిమాకు ఒక శాఖను ఎంచుకుని, ఆ పేరు తెర మీద పడే దాకా కళ్ళు తిప్పకుండా చూడండి. ఇందుకోసం టైటిల్స్ కంటే ముందే సీట్లో ఉండాలి. ఈ మధ్య చాలా చిత్రాల్లో పూర్తి జాబితా చివరనే వస్తోంది, అప్పటికే లైట్లు వెలిగి జనం మెట్లు దిగుతుంటారు. ఆ రెండు మూడు నిమిషాలు కూర్చోవడం, నెలల తరబడి పనిచేసిన వారి పేర్లకు మనం ఇవ్వగల కనీస మర్యాద.

సినిమా మొదలయ్యే ముందు తెర మీద కనిపించే సెన్సారు ధ్రువపత్రాన్ని కూడా వదలవద్దు. చిత్రం నిడివి, ధ్రువపత్రం ఇచ్చిన తేదీ అందులోనే ఉంటాయి. పాత సినిమాలను టీవీలోనో ఓటీటీలోనో చూసేటప్పుడు ఈ నిడివి ఎంతగానో ఉపయోగపడుతుంది, ఎందుకంటే మనం చూసింది పూర్తి చిత్రమో కత్తిరించిన చిత్రమో దానితో పోల్చి తెలుసుకోవచ్చు. 1957 నాటి 'మాయాబజార్' 2010లో రంగుల్లో మళ్ళీ విడుదలైనప్పుడు నిడివి తగ్గింది, కొన్ని పాటలూ పద్యాలూ అందులో లేవు. కాబట్టి మాయాబజార్ చూశాను అని ఊరికే రాస్తే సరిపోదు, ఏ మాయాబజార్ చూశారో రాయాలి. ఫిల్ము రోజుల్లో అయితే లెక్క అడుగుల్లోనూ రీళ్లలోనూ ఉండేది. 35 ఎంఎం ఫిల్ము వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. పాత పత్రికల్లో 18 రీళ్ల చిత్రం అని చదివినప్పుడు అది మూడు గంటలకు పైబడిన సినిమా అని దీన్ని బట్టి గ్రహించవచ్చు.

ఇక కుడి పేజీ. డైరీకి ఆయువుపట్టు ఇదే, చాలామంది తడబడేదీ ఇక్కడే. మొదటి నియమం, ఆ రాత్రి నిద్రపోయే లోపే రాయాలి. రెండో నియమం, రాసే దాకా ఎవరి సమీక్షా చదవకూడదు, వినకూడదు, పక్క సీటు స్నేహితుడితో వాదించనూ కూడదు. ఒకసారి ఇంకొకరి మాట చెవిన పడితే మన అభిప్రాయం ఏదో వారి అభిప్రాయం ఏదో విడదీయడం అసాధ్యం. ఇంటర్వెల్‌లో టికెట్టు వెనక రెండు మూడు మాటలు గుర్తుగా రాసుకోవచ్చు. ఆట నడుస్తుండగా చీకట్లో ఫోన్ వెలిగించి రాయడం మాత్రం వెనక వరుసల వారికి చేసే అన్యాయం.

మూడో నియమం కొంచెం కఠినమైనది. బాగుంది, అదిరింది, తేలిపోయింది, సాగదీశారు అన్న మాటలతో వాక్యాన్ని ముగించకూడదు. ఏది బాగుందో, తెర మీద సరిగ్గా ఏం జరిగినప్పుడు మీకు అలా అనిపించిందో రాయండి. మాయాబజార్‌లో సావిత్రి అద్భుతంగా నటించింది అని రాస్తే ఆ వాక్యం ఎవరైనా రాయగలిగినదే. 'అహ నా పెళ్ళియంట' పాట సాగుతుండగా పి. సుశీల గొంతు ఉన్నట్టుండి ఆగి ఘంటసాల గొంతు పలికే చోట, శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు గుర్తుచేస్తూ సావిత్రి నడక, భుజాలు, చూపు ఎలా మారాయో, ఘటోత్కచుడిగా వేసిన ఎస్.వి. రంగారావు ఠీవి ఆ సుకుమారమైన శరీరంలోకి ఎలా దిగిందో రాస్తే, ఆ వాక్యం మీ కళ్ళు చూసిన దానికి సాక్ష్యం అవుతుంది. నా డైరీలో నాకు ఎంతో ఇష్టమైన పేజీ ఒక చిన్న సినిమాకు సంబంధించినది. అది వారం కూడా ఆడలేదు. అందులో తండ్రి, కొడుకు రాసిన ఉత్తరాన్ని అందరి ముందూ కొత్తగా చదువుతున్నట్టు చదివి, తిరిగి మడిచేటప్పుడు చూడకుండానే పాత మడతల మీదుగా వేళ్ళు పోనిస్తాడు. ఆ ఉత్తరం ఆయన ఇదివరకే ఎన్నోసార్లు చదివాడని ఒక్క మాటైనా లేకుండా అర్థమైంది. ఆ రాత్రి నేను రాసింది ఆ వేళ్ల గురించిన నాలుగు వాక్యాలే. కథ ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు కానీ ఆ నాలుగు వాక్యాలు చదివితే గొంతు పట్టుకుంటుంది.

నచ్చనిదాన్ని రాసేటప్పుడు ఇదే శ్రద్ధ రెట్టింపు ఉండాలి. రెండో సగం ల్యాగ్ అనడం తేలిక. ఏ సన్నివేశం తరువాత మీరు మొదటిసారి గడియారం చూసుకున్నారో, అంతకు ముందు తెలుసుకున్న ఏ విషయాన్ని దర్శకుడు మళ్ళీ చెప్పాడో రాస్తే అది న్యాయమైన విమర్శ.

పాటలకు వేరే చోటు కేటాయించండి. ఒక్కో పాటకు రచయిత, స్వరకర్త, గాయకులు, చిత్రీకరణలో మీరు గమనించిన ఒక్క విషయం రాస్తే చాలు. రేడియో విన్న తరానికి ఈ క్రమశిక్షణ సహజంగా అబ్బింది. 1957 అక్టోబరులో మొదలైన వివిధభారతిలో, ఇతర ఆకాశవాణి కేంద్రాల్లో ప్రతి పాటకూ చిత్రం, రచన, సంగీతం, గానం అని వరుసగా చెప్పేవారు. అలా వినీ వినీ పల్లెటూరి ఇంటి అరుగు మీద కూర్చున్న వారికి కూడా పింగళి పాటకూ ఆత్రేయ పాటకూ తేడా తెలిసేది. ఫోన్‌లో పాట వినే మనకు రచయిత పేరు ఎవరూ చెప్పరు కనుక, మనమే రాసుకోవాలి.

అభిమాన నటుడి సినిమా విషయంలో నా సలహా వేరు. మొదటి రోజు మొదటి ఆటకు తప్పకుండా వెళ్ళండి. కాగితాలు ఎగరడం, ఈలలు, తెర ముందు హారతి, ఇవన్నీ ఆ ఆటలో భాగమే, వాటినీ రాయండి. ఆ హోరులో సంభాషణల్లో సగం వినపడవు, కాబట్టి ఆ రోజు సినిమా మీద తీర్పు రాయవద్దు. పది రోజులు ఆగి, జనం పలచబడిన ఆటకు ఒంటరిగా వెళ్ళి చూసి, అదే పేజీలో వేరే రంగు సిరాతో రెండో మాట రాయండి. నా పుస్తకాల్లో నీలి సిరా ఉత్సవానికి, నల్ల సిరా సినిమాకు. వసూళ్ల అంకెలను పేజీలోకి రానివ్వకపోవడమే మేలు. నైజాం (తెలంగాణ) ఎంత, సీడెడ్ (రాయలసీమ) ఎంత అని లెక్కలు కట్టే అభిమానుల్లో గ్రాస్ అంటే అమ్ముడైన టికెట్ల మొత్తం డబ్బు అనీ, పన్నూ హాలు అద్దె వంటివీ పోగా పంపిణీదారుకు మిగిలేది షేర్ అనీ విడదీసి చూసేవారు తక్కువ. అది వ్యాపారం చేసే వారి పద్దు. మన పద్దులో ఆ రోజు ఆ హాల్లో ఎన్ని వరుసలు నిండాయో, ఏ చోట జనం నిశ్శబ్దమయ్యారో ఉండాలి.

టికెట్లను దాచడంలో నేను పెద్ద పొరపాటు చేశాను. మూడేళ్ల టికెట్లను వరుసగా పేజీల్లో అంటించి మురిసిపోయాను. అవి యంత్రంలో వేడితో అచ్చయ్యే నున్నటి కాగితాలు. ఒక వేసవి తరువాత తెరిచి చూస్తే అక్షరాలన్నీ మాసిపోయి, లేత పసుపు ముక్కలు మాత్రం మిగిలాయి. ఏ ముక్క ఏ సినిమాదో ఇప్పటికీ నాకు తెలియదు. అందుకని టికెట్టు మీది వివరాలను ఆ రాత్రే పెన్నుతో పేజీలో ఎక్కించండి. టికెట్టు రూపమే కావాలనుకుంటే జిరాక్స్ తీసి దాన్ని అంటించండి. పాత పాటల పుస్తకాలు చేతికి చిక్కితే మరింత జాగ్రత్త అవసరం. హాలు దగ్గర కొన్ని పైసలకు అమ్మిన ఆ పల్చటి పుస్తకాల్లో నటీనటుల, సాంకేతిక నిపుణుల పేర్లు, పాటలన్నీ, సగం దాకా కథ, ఆపైన మిగతాది వెండితెర మీద చూడండి అన్న మాట ఉంటాయి. చాలా చిత్రాలకు మిగిలిన వివరాలు అవే. వాటికి వేసిన పిన్ను తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుంది కనుక ముందు ఆ పిన్నును నెమ్మదిగా విప్పి, నూలు దారంతో కుట్టండి. చిరిగిన చోట సెల్లోటేపు వేయవద్దు, అది పసుపు పచ్చగా మారి అక్షరాలను ఊడదీస్తుంది. పిండితో చేసిన జిగురు పురుగులకు ఆహారం. లామినేషన్ ఒకసారి చేయిస్తే మళ్ళీ ఊడదు, అసలు కాగితం పోయినట్టే. పొడిగా ఉండే చోట, ఎండ తగలకుండా, విడివిడి కవర్లలో పెట్టి ఉంచితే చాలు.

ఇప్పుడు కుడి పేజీలో ఖాళీగా వదిలిన మూడో వంతు సంగతి. ఏడాది గడిచాక అదే సినిమాను మళ్ళీ చూసి అక్కడ రాయాలి. పాత మాటను కొట్టివేయవద్దు, దిద్దవద్దు. మాయాబజార్‌ను చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, ఆ ధీమాతో ఒకసారి జ్ఞాపకం నుంచే పేజీ నింపుతూ ధర్మరాజు పాత్ర గురించి కూడా ఒక వాక్యం రాశాను. మళ్ళీ చూసినప్పుడు ధర్మరాజు కోసం కాచుకుని కూర్చున్నాను. కథంతా పాండవుల కుటుంబం చుట్టూ తిరిగే ఆ చిత్రంలో పంచపాండవులు అసలు కనిపించరు. దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు ఐదుగురు వీరులను తెర బయటే ఉంచి, వారు లేరన్న వెలితి ఎవరికీ తెలియకుండా మూడు గంటలు నడిపించారు. తప్పు రాయకపోయి ఉంటే ఆ నేర్పు నా కంటికి ఆనేది కాదు. ఆ తప్పు వాక్యం ఇప్పటికీ పేజీలో ఉంది, దాని కిందనే నల్ల సిరాలో దిద్దుబాటూ ఉంది.

మీరు పుట్టక ముందు ఆడిన సినిమాల కోసం ఇంట్లో పెద్దలను అడగండి. "తాతయ్యా, ఆ సినిమా కథేమిటి?" అని అడిగితే రెండు మాటల్లో ముగుస్తుంది. "ఏ హాల్లో చూశారు, ఎలా వెళ్ళారు, నేల టికెట్టు ఎంత, పక్కన ఎవరు కూర్చున్నారు?" అని అడిగితే గంట మాట్లాడతారు. వారు చెప్పినది చెప్పినట్టే రాసి, పక్కన విన్నది అని గుర్తు పెట్టండి. వీలైతే పాత దినపత్రికల్లో విడుదల ప్రకటన చూసి తేదీని సరిచూడండి. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు పాత పత్రికలను ఎంతో శ్రమతో కాపాడుతున్నాయి. విన్నదీ చూసినదీ ఒకే రంగు సిరాలో కలిపితే, మన పుస్తకం కూడా రేపు మరొకరిని తప్పు తేదీ వైపు నడిపిస్తుంది.

పుస్తకం నిండిన రోజున చివరి నాలుగు పేజీల్లో సినిమా పేర్లను అకారాది క్రమంలో, పేజీ సంఖ్యలతో రాయండి. ఆ తరువాత హాళ్ల జాబితా. మీరు వెళ్ళిన ప్రతి హాలు పేరుకూ ఎదురుగా అందులో చూసిన మొదటి సినిమా, చివరి సినిమా తేదీలు వేయండి. మూతపడి ఫంక్షన్ హాలుగానో దుకాణాల సముదాయంగానో మారిన వాటికి ఆ సంగతీ రాయండి. అట్టకు కాగితం చుట్టి, వెన్ను మీద మొదలు పెట్టిన నెల, ముగించిన నెల రాసి, కొత్త పుస్తకం మొదటి పేజీలో వచ్చే శుక్రవారం తేదీ వేసి ఉంచండి.