చదివించే పాఠాలు – 5: వేలు పెట్టి చూపించలేని ప్రశ్న

ఈసారి నేరుగా ప్రశ్నల ఆటలోకి వెళ్దామనుకున్నాను. కానీ పోయిన పాఠంలో టీచర్లకు వాక్యాల చీటీల ఆట చెప్పాను: పేరాను వాక్యానికో చీటీగా ముక్కలు చేసి కలిపేస్తే, పిల్లలు చదివి మళ్లీ వరసగా పేర్చాలి. అది చాలామందికి బెడిసికొట్టింది. ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

ములుగు వైపు పనిచేసే ఒక టీచర్ రాశారు. పేరాను పది ముక్కలు చేసి ఇస్తే ఆరో తరగతి పిల్లలు రెండు నిమిషాల్లో వరసగా పేర్చేశారట. సంతోషంగా దగ్గరికి వెళ్లి చూస్తే, కత్తెర వంకరగా పోయిన చోట అంచుకు అంచు ఆనించి కలుపుతున్నారు. ఒక్క వాక్యమూ చదవలేదు. అది పిల్లల తప్పు కాదు. ఎలా కత్తిరించాలో నేను చెప్పకపోవడమే తప్పు. నేనైతే కత్తెర ముట్టను. పాత శుభలేఖలు దాచిపెట్టి, వాటి వెనక తెల్లటి వైపు కార్డుకో వాక్యం స్కెచ్ పెన్నుతో రాస్తాను. అట్ట గట్టిగా ఉంటుంది, రెండేళ్లయినా నలగదు.

హనుమకొండ నుంచి ఇంకొకరు వేయిస్తంభాల గుడి పేరా ఇచ్చారు. 1163లో రుద్రదేవుడు కట్టించాడు, శివుడికీ విష్ణువుకీ సూర్యుడికీ మూడు గర్భాలయాలున్నాయి, ఎదుట నల్లరాతి నంది ఉంది... ఇలా సాగే పేరా. ఒక గుంపు నందిని ముందు పెడితే తప్పని కొట్టేశారు. ఆ పిల్లలు ఒప్పుకోలేదు, పీరియడ్ అంతా గొడవే. పిల్లలదే న్యాయం. ఆ వాక్యాలను ఎలా పేర్చినా తప్పుపట్టలేం. బతుకమ్మ పేర్చడం గురించి ఇచ్చినవాళ్లకు ఇంకో చిక్కు వచ్చింది. గౌరమ్మను చివర పెడతారని మన పిల్లలకు చదవకుండానే తెలుసు.

చీటీలకు పనికొచ్చే పేరాలో వాక్యాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి. ఇది చూడండి:

తాత పొద్దున్నే బర్రెలను తోలుకుని చెరువు కట్ట మీదికి వెళ్లాడు. అక్కడ ఒక బుంగ పడి కనిపించింది. దాన్ని చూడగానే ఆయనకు చెమటలు పట్టాయి. అందుకే బర్రెలను కట్ట మీదే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తాడు.

అక్కడ, దాన్ని, ఆయనకు, అందుకే. ఈ నాలుగు మాటలే వరసను పట్టి ఉంచాయి. వాటిని చదవకుండా ఎవరూ పేర్చలేరు.

‘ఒక్క పిల్లే అన్నీ చేసేస్తోంది’ అన్నవాళ్లకు: కార్డు మనిషికొకటి ఇవ్వండి. పక్కవాళ్లకు చూపించకూడదు, చదివి వినిపించాలి. విన్నాక వాక్యాల వరసలో పిల్లలే నిలబడాలి. ఒత్తుల దగ్గర తడబడే పిల్లవాడికి చిన్న వాక్యం ఇచ్చి, ముందే మెల్లగా రెండుసార్లు చదివించండి. గోల సంగతి వదిలేయండి, ఆటలో గోల ఉంటుంది.

ఇక నన్ను ఏళ్లుగా బాధపెడుతున్న విషయానికి వస్తాను. కింది వాక్యం చదవండి.

పొద్దున్నే చిమలయ్య గుబిడిలో మూడు జిరికలను లోమటించాడు.

జిరికలను ఎవరు లోమటించారు? చిమలయ్య. ఎప్పుడు? పొద్దున్నే. ఎక్కడ? గుబిడిలో. ఎన్నింటిని? మూడింటిని. నాలుగుకు నాలుగు మార్కులు. జిరిక అంటే ఏమిటో మీకు తెలియదు, నాకూ తెలియదు. ఆ మాటలు అప్పటికప్పుడు నేను కల్పించినవి.

పాఠం అయ్యాక మనం అడిగే ప్రశ్నల్లో చాలా భాగం ఇలాంటివే. ప్రశ్నలో ఉన్న మాటను పిల్లవాడు పేరాలో వెతుక్కుంటాడు, దాని పక్కనున్న మాట రాసేస్తాడు. మనం టిక్ పెడతాం. ‘మావాళ్లకు బాగా అర్థమైంది’ అనుకుంటాం. అంచుకు అంచు ఆనించి చీటీలు కలిపిన పిల్లలు చేసిందీ ఇదే. అక్కడ కాగితం అంచు, ఇక్కడ మాట అంచు. నేను మొదట పనిచేసిన బడిలో ఇలా ఏళ్ల తరబడి టిక్కులు పెట్టాను. ఎనిమిదో తరగతిలో మంచి మార్కులొచ్చే ఒక అబ్బాయిని, చదివిన పేజీ మూసేసి కథ చెప్పమన్నాను. రెండు ముక్కలు చెప్పలేక తల దించుకున్నాడు. ఆ తల ఇప్పటికీ కళ్లముందే ఉంది. దయచేసి ‘అర్థమైందా?’ అని అడిగి ‘ఆ... అయ్యింది సార్’ అన్న కోరస్ విని ముందుకు సాగిపోకండి.

ఇప్పుడు ఆట. ప్రశ్నలు పిల్లలే తయారు చేయాలి. ఒక గుంపు అడుగుతుంది, ఎదుటి గుంపు పేరా మీద వేలు పెడుతుంది. జవాబు మొత్తం వేలి కింద దొరికితే అది వేలి ప్రశ్న, రద్దు. అసలు పేరా చదవకుండానే చెప్పగలిగితే, ‘మీకు చెరువంటే ఇష్టమా’ లాంటిది, అది గాలి ప్రశ్న, అదీ రద్దు. మిగిలింది బుర్ర ప్రశ్న. దానికి జవాబు చెప్పేవాళ్లు ‘ఏ మాట చూసి అలా అన్నావు?’ అంటే ఆ మాట చూపించాలి.

మొదటి రోజు దాదాపు అన్నీ వేలి ప్రశ్నలే వస్తాయి. కంగారు పడకండి, మీరు కల్పించుకుని ప్రశ్నలు అందించకండి. మా ఏడో తరగతిలో మూడో రోజు ఒకమ్మాయి లేచి, ‘తాత బర్రెలను వెంట ఎందుకు తోలుకుపోలేదు?’ అని అడిగింది. క్లాసు గప్‌చుప్. వెనక బెంచీ నుంచి జవాబు వచ్చింది: ‘బర్రెలు నడుస్తయి సార్, ఆయన ఉరకాలె గదా.’ ఏ మాట చూసి అన్నావంటే, ‘పరుగెత్తాడు’ మీద వేలు పెట్టాడు. ఆ పిల్లవాడు అప్పటిదాకా క్లాసులో నోరు విప్పింది లేదు.

అభ్యాసం మీకే, పిల్లలకు కాదు. ఈ పేరా తీసుకోండి:

పాలంపేటలోని రామప్ప గుడిని కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. పునాదిలో ఇసుక నింపారు. శిఖరానికి మాత్రం నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. గుడిని ఇప్పుడు శిల్పి పేరుతోనే పిలుస్తున్నారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

దీని మీద ఎనిమిది బుర్ర ప్రశ్నలు రాయండి. ‘ఎప్పుడు కట్టించారు’ వద్దు. ‘శిఖరం కూడా బరువైన రాయితోనే కట్టి ఉంటే కింది స్తంభాల గతేమిటి?’ లాంటివి కావాలి. ఇది నేనే రాసేశాను కాబట్టి లెక్కలోకి రాదు. ప్రతి ప్రశ్న పక్కన, జవాబుకు ఆధారమైన మాట రాసుకోండి. తర్వాత ఇంట్లో ఎవరికైనా పేరా ఇచ్చి వేలు పెట్టి చూడమనండి. రద్దయిన ప్రతి ప్రశ్నకు బదులు ఇంకొకటి రాయాలి. నాకు ఎనిమిది నిలబడటానికి రెండు సాయంత్రాలు పట్టింది. ‘మాత్రం’, ‘తోనే’ అన్న చిన్న మాటల దగ్గర కాసేపు ఆగండి, రెండు ప్రశ్నలు అక్కడే ఉన్నాయి.