రగ్బీ లీగ్ సీజన్ మొదలయ్యేలోపు: ట్యాకిల్ విషయంలో జాగ్రత్తలు

ఆస్ట్రేలియాలోని సిడ్నీ, బ్రిస్బేన్ చుట్టుపక్కల జూనియర్ రగ్బీ లీగ్ (రగ్బీలో జట్టుకు పదమూడుమంది ఆడే రకం) మ్యాచ్‌లు ఏప్రిల్ నాటికి ఊపందుకుంటాయి. క్రికెట్ కిట్ అటక మీద పెట్టి, బళ్ళో స్నేహితులతో కలిసి లీగ్‌లో చేరే తెలుగు పిల్లలు ఇప్పుడు ఉన్నారు. ఊళ్ళో కబడ్డీ ఆడిన అలవాటుతో ఇక్కడి క్లబ్బుల్లో చేరే కుర్రాళ్ళూ ఉన్నారు. మొదటి మ్యాచ్‌కి కనీసం ఐదారు వారాల ముందు నుంచే చూసుకోవాల్సినవి ఇవి.

ట్యాకిల్ అంటే బంతితో వచ్చేవాణ్ణి పట్టి ఆపడం. ప్రమాదకరమైన ట్యాకిల్ అనగానే కోపంతో కొట్టిన దెబ్బ అనుకుంటాం. నిజానికి ఎక్కువసార్లు తప్పు పాదాల దగ్గర మొదలవుతుంది. అలసిన ఆటగాడు రెండడుగులు ఆలస్యంగా వస్తాడు, నడుము వంచడు, అందక చెయ్యి చాపుతాడు. అదే క్షణంలో బంతి పట్టుకున్నవాడు తల వంచి పక్కకు తప్పుకుంటాడు. ఛాతీకి తగలాల్సిన చెయ్యి దవడకు తగులుతుంది. కావాలని చేయకపోయినా అది ఆట నియమాల ప్రకారం తప్పే. ఆస్ట్రేలియా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఆర్‌ఎల్‌లో అభియోగాలు అజాగ్రత్త, నిర్లక్ష్యం, ఉద్దేశపూర్వకం అని వేర్వేరుగా ఉంటాయి. ‘కావాలని చేయలేదు’ అన్న మాటతో శిక్ష తగ్గవచ్చేమో గానీ తప్పు పోదు.

అందుకే మొదటి జాగ్రత్త ఎత్తు. పెద్దల ఆటలో తలకూ మెడకూ తగిలితే పెనాల్టీ. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు నియమం ఇంకా కఠినం, చంకల కంటే పైకి ట్యాకిల్ పోకూడదు. కింద పట్టి పైకి జారినా తప్పే. కాబట్టి గురి నిక్కరు నడుంపట్టీ నుంచి కింది పక్కటెముకల దాకా ఉండాలి. ఛాతీకి గురిపెట్టేవాడికి జారడానికి చోటే ఉండదు.

దీన్ని నేర్పే వరుస ముఖ్యం. మొదట ఇద్దరూ మోకాళ్ళ మీద, తర్వాత ట్యాకిల్ చేసేవాడు ఒక మోకాలి మీద, ఆ తర్వాత గొంతుకూర్చుని, చివరికి నడుస్తూ, మెల్లగా పరుగెత్తుతూ. ఐదు మీటర్ల చదరం గీస్తే చాలు. ఒక మెట్టు సరిగ్గా రాకుండా పై మెట్టుకు వెళ్ళొద్దు. దూరం తగ్గించేటప్పుడు పెద్ద అంగలు కాదు, చిన్న అడుగులు వేయాలి. చివరి అడుగు ఎదుటివాడి పాదం పక్కనే పడాలి. ఏ కాలు ముందుంటే ఆ వైపు భుజమే తగలాలి. కళ్ళు తెరిచి అతని నడుము వైపు చూడాలి, గడ్డం పైకి, వీపు చదునుగా. తల ఎప్పుడూ అతని వెనక వైపు, చెంప అతని పిరుదుకు ఆనేలా. రెండు చేతులూ చుట్టి బిగించాక కాళ్ళతో నెడుతూనే ఉండాలి.

తల ఎటు ఉందన్నది ఒక్కటే చూసే ఓపిక కోచ్‌కి ఉంటే సగం గాయాలు ఆగుతాయని మా గట్టి నమ్మకం. తల ముందుకు పెడితే పరుగెత్తేవాడి మోకాలో తుంటి ఎముకో కణతకు తగులుతుంది, లేదా అతని బరువంతా మెడ మీద పడుతుంది. ట్యాకిల్‌లో తలకు దెబ్బ తగిలేది ఎక్కువగా బంతి ఉన్నవాడికి కాదు, పట్టుకునేవాడికి. ఈ మాట పిల్లలకు సూటిగా చెప్పండి. కింద పట్టడం ఎదుటివాడి మీద దయ కాదు, తన తల కాపాడుకోవడం. రెండు వైపులా సమానంగా సాధన చేయించండి. బలహీనమైన భుజం వైపు పరుగు వచ్చినప్పుడే తల తప్పు వైపుకు వెళ్తుంది.

కబడ్డీ ఆడినవాళ్ళకు ఒక ప్రత్యేక హెచ్చరిక. పట్టు బిగించడం, గొలుసుగా కదలడం, రైడర్ కాళ్ళు చదవడం, ఇవన్నీ ఇక్కడ పనికొస్తాయి. రెండు అలవాట్లు మాత్రం మానాలి. ఒకటి, యాంకిల్ హోల్డ్ కోసం తల ముందుకు పెట్టి దూకడం. ఇక్కడ ఎదురొచ్చేవాడు గీత దగ్గర వంగి తచ్చాడే రైడర్ కాదు, పది మీటర్ల దూరం నుంచి పూర్తి వేగంతో, బూట్లతో వస్తాడు. రెండోది, నడుము పట్టి గాల్లోకి ఎత్తి కోర్టు లోపలికి వేయడం.

ఆ ఎత్తడం గురించి కాస్త ఆగి చెప్పాలి. 2014 మార్చిలో న్యూకాజిల్ నైట్స్ ఆటగాడు అలెక్స్ మెకినన్‌ను మెల్బోర్న్ స్టార్మ్ ఆటగాళ్ళు ముగ్గురు కలిసి పట్టారు. అతను పైకి లేచి తల, మెడ మీద పడ్డాడు. మెడ వెన్నుపూస విరిగింది, ఆట అక్కడితో ముగిసింది, జీవితం చక్రాల కుర్చీకి మారింది. ట్యాకిల్ చేసినవారిలో జోర్డన్ మెక్లీన్‌కు ఏడు మ్యాచ్‌ల నిషేధం పడింది. ఇలాంటివాటిలో పాఠం ఒకటే. ఒకడు పైన పట్టుకుంటాడు, ఇంకొకడు తొడల మధ్య చెయ్యి పెట్టి కాలు లేపుతాడు, మూడోవాడు వచ్చి బరువు కలుపుతాడు. ఏ ఒక్కరూ తలకిందులుగా పడేయాలనుకోరు, అయినా ఆ పని జరిగిపోతుంది. కాబట్టి తొడల మధ్యకు చెయ్యి పోనివ్వొద్దు. ఎదుటివాడి తుంటి అతని భుజాల కంటే పైకి లేస్తోందనిపిస్తే వెంటనే ‘దించు’ అని అరవాలి, కానీ పట్టు వదలొద్దు. వదిలితే అతను నేరుగా తల మీద పడతాడు. పట్టుకునే ఉండి పక్కకో వీపు మీదకో దించాలి. ఇద్దరు ఆపేసిన చోటికి మూడోవాడు పోకపోవడమే మేలు.

ఆ మూడోవాడి వల్లే ఇంకో ప్రమాదం ఉంది. ఇద్దరు నిలబెట్టి పట్టుకున్నవాడి మోకాళ్ళను వెనక నుంచో పక్క నుంచో గుద్దడం. కాళ్ళు నేలకు నాటుకుని ఉంటాయి, తప్పించుకునే వీలుండదు, కీలు తెగుతుంది. హిప్ డ్రాప్ అనే ట్యాకిల్ కూడా ఇలాంటిదే. వెనక నుంచి నడుము పట్టినవాడు తన తుంటిని గాల్లో తిప్పి, బరువంతా ఎదుటివాడి పిక్క మీదో చీలమండ మీదో వేస్తాడు. నివారణ సులువే. వెనక నుంచి పట్టినప్పుడు పాదాలు నేల మీద ఉంచి, పక్కకు లాగి పడేయాలి, కుర్చీలో కూలబడినట్టు కూర్చోకూడదు. క్రషర్ అంటే వంగి ఉన్నవాడి మెడ మీద వెనక నుంచి ఛాతీ బరువు మోపి, గడ్డం ఛాతీకి అదిమేయడం. చెయ్యి మెడ దగ్గర ఉందని తెలిసిన మరుక్షణం తీసేయాలి. చేతులు చుట్టకుండా భుజంతో గుద్దే షోల్డర్ చార్జ్‌ను ఎన్‌ఆర్‌ఎల్ 2013 నుంచి నిషేధించింది. 2015లో క్వీన్స్‌లాండ్ కప్ అనే రాష్ట్రస్థాయి పోటీ మ్యాచ్‌లో అలాంటి దెబ్బ తిన్న జేమ్స్ అకర్‌మన్ చనిపోయాడు. పైకెగిరి బంతి పట్టేవాడిని పాదాలు నేలకు తగిలేదాకా ముట్టుకోవద్దు.

క్రమశిక్షణ కూడా సాధన చేయాల్సిందే. 2021 మేలో బ్రిస్బేన్‌లో జరిగిన మ్యాజిక్ రౌండ్‌లో (ఆ వారం మ్యాచ్‌లన్నీ ఒకే చోట ఆడే రౌండ్) ఎన్‌ఆర్‌ఎల్ తల దెబ్బలపై పట్టు బిగిస్తే, ముగ్గురు సెండాఫ్ (మ్యాచ్ మొత్తానికి బయటికి) అయ్యారు, పద్నాలుగు సిన్ బిన్‌లు పడ్డాయి. అనుభవజ్ఞులకే అలా అయింది. సిన్ బిన్ అంటే పది నిమిషాలు బయట. మిగతా పన్నెండుమంది ఆ ఖాళీ పూడ్చడానికి పరుగెత్తి అలసిపోతారు, ఆ అలసటలోనే మళ్ళీ చేతులు పైకి లేస్తాయి. అందుకని ట్యాకిల్ సాధనలో కొంత భాగం ప్రాక్టీస్ చివర్లో, కాళ్ళు బరువెక్కాక, తక్కువ వేగంతో చేయించండి. గొడవ మొదలైతే అటు పరుగెత్తకుండా తన స్థానంలోకి వెళ్ళిపోవడం, రిఫరీతో కెప్టెన్ మాత్రమే మాట్లాడటం ముందే తేల్చుకోండి. గీత బయట నుంచి ‘పగలగొట్టు’ అని అరిచే తల్లిదండ్రులను ఆపే బాధ్యత మేనేజర్‌ది. పిల్లలు ఆ మాటే వింటారు.

సామగ్రి సంగతి చిన్నది. దంతవైద్యుడు అచ్చు తీసి చేసిన మౌత్‌గార్డ్ మేలు. పాలపళ్ళు ఊడే వయసులో ప్రతి సీజన్‌కీ సరిచూడాలి. గోళ్ళు కత్తిరించాలి, చెవి పోగులు, మొలతాడు, చేతి కంకణం తీసేయాలి. తలకు పెట్టే మెత్తటి టోపీ గీతలనూ చెవులనూ కాపాడుతుంది గానీ కన్‌కషన్‌ను (దెబ్బకు మెదడు అదరడాన్ని) ఆపదు. అది పెట్టుకున్న ధైర్యంతో తల ముందుకు పెట్టే పిల్లలను గమనించండి.

మెడ నొప్పి అన్నా, చేతుల్లో కాళ్ళల్లో తిమ్మిరి అన్నా కదిలించొద్దు, లేపొద్దు, టోపీ తీయొద్దు. ఆట ఆపించి అత్యవసర నంబర్ 000కి ఫోన్ చేయండి. స్పృహ తప్పడం, మూర్ఛ, ఆగని వాంతులు, పెరిగే తలనొప్పి, మాట తడబడటం కూడా అంతే. వీటిలో ఏదీ లేకపోయినా, దెబ్బ తర్వాత తూలినా, అయోమయంగా చూసినా ఆ రోజుకి ఆట ముగిసినట్టే. ‘బానే ఉన్నాను’ అనే మాట లెక్కలోకి రాదు.

ఆస్ట్రేలియాలో పిల్లలకు, స్థానిక క్లబ్బుల ఆటగాళ్ళకు 2024లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కన్‌కషన్ లక్షణాలు పూర్తిగా పోయాక కనీసం 14 రోజులు గడిస్తేనే ఢీకొట్టే సాధన, దెబ్బ తగిలిన నాటి నుంచి కనీసం 21 రోజులు గడిస్తేనే మ్యాచ్. లక్షణాలు పది రోజులుంటే సాధనే 24 రోజుల తర్వాత మొదలవుతుంది, మ్యాచ్ ఇంకా వెనక్కి పోతుంది. బడి జట్టులో దెబ్బ తగిలితే ఆ సంగతి క్లబ్ కోచ్‌కి దానంతట అదే తెలియదు. అదే రోజు సాయంత్రం తేదీతో సహా రాతపూర్వకంగా పంపండి. క్రికెట్, సాకర్, కరాటే నేర్పేవాళ్ళకు కూడా.