న్యూయార్క్ అర్ధరాత్రి, మన ఆదివారం పొద్దున

అమెరికాలో పాత రాక్ పాటలు వేసే కొన్ని క్లాసిక్ రాక్ ఎఫ్ఎం స్టేషన్లు రాత్రి పొద్దుపోయాక ఒక ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరిదాకా వేస్తాయి. అది వినడానికి మనం నిద్ర మానుకోనక్కర్లేదు. న్యూయార్క్‌లో శనివారం అర్ధరాత్రి అంటే మనకు ఆదివారం పొద్దున 9:30. నవంబరు రెండో ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అయితే 10:30. స్టేషన్ ఆన్‌లైన్ స్ట్రీమ్ పెట్టుకుంటే సరిపోతుంది. కొన్ని స్ట్రీములు అమెరికా బయట రావు, కాబట్టి ముందురోజే ఒకసారి పెట్టి చూసుకోండి.

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 1973 నాటి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' వేస్తే మాత్రం అస్సలు వదలకండి. దాదాపు 43 నిమిషాలు. ఒక పాట చివర ఇంకో పాటలోకి జారిపోతుంటుంది, అందుకే విడివిడిగా వింటే సగం అందం పోతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్లో నోటిఫికేషన్లు ఆపేసి కూర్చోండి.