టెక్స్ట్ గేమ్ రాస్తున్నారా? చూపు లేనివాళ్లూ ఆడేలా రాయండి

"అంతా టెక్స్టే కదా మావయ్యా, నీ స్క్రీన్ రీడర్ చదివేస్తుంది. ఇంక నేను చేయాల్సిందేముంది?" అన్నాడు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు. టెక్స్ట్ అడ్వెంచర్లు, అంటే ఆదేశాలు టైప్ చేస్తూ కథలో ముందుకెళ్లే ఆటలు, రాసేవాళ్లలో చాలామందికి ఇదే ధీమా. నాకు చూపు లేదు, తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ వాడతాను. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, రాత్రి ఈ ఆటలు. వాడికి చెప్పినవే ఇక్కడా రాస్తున్నాను.

స్క్రీన్ రీడర్ తెరను చూడదు. "ఇది పేరా, ఇది బటన్" అని బ్రౌజర్ అందిస్తేనే చదువుతుంది. అక్షరాలను కాన్వాస్ మీద బొమ్మలా గీసే ఇంజిన్‌తో (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌తో) ఆట చేశారనుకోండి, మీకు కథంతా కనిపిస్తూ ఉంటుంది, నాకు ఒక్క ముక్క వినపడదు. కాబట్టి ఇంజిన్ ఎంచుకునే రోజే ఈ సంగతి చూసుకోండి. రెన్‌పై ఇంజిన్‌లో వి కీ నొక్కితే ఆటే చదివి వినిపిస్తుంది. గోడో ఇంజిన్‌లో 2025లో వచ్చిన 4.5 వెర్షన్ నుంచి స్క్రీన్ రీడర్ సపోర్ట్ ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నా సలహా మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీయే.

అసలు పని ఒక్కటే. నేను "తూర్పుకు వెళ్లు" అని కొట్టి ఎంటర్ నొక్కగానే కొత్తగా వచ్చిన మాటలు మాత్రమే, ఒక్కసారి, పూర్తిగా వినిపించాలి. దీనికి కథ వచ్చే డివ్‌కు (div, పేజీలో ఒక భాగం) రోల్ అట్రిబ్యూట్‌లో లాగ్ (role=log) అని, ఏరియా లైవ్‌లో పొలైట్ (aria-live=polite) అని పెట్టండి. ఆ డివ్ పేజీ తెరుచుకున్నప్పటి నుంచే, ఖాళీగానైనా సరే, ఉండాలి. తర్వాత పుట్టిస్తే మొదటి పేరా వినపడకుండా పోవచ్చు. ప్రతి ఎత్తుకూ (ఆటగాడి ఒక్కో ఆదేశానికీ) పాత కథనంతా చెరిపి మళ్లీ రాయకండి, కొత్త పేరాను చివర చేర్చండి. చెరిపి రాస్తే మొదటి గది నుంచి మొత్తం మళ్లీ చదవడం మొదలవుతుంది. పొలైట్ బదులు అసర్టివ్ పెట్టాలన్న ఆశ కూడా వద్దు, అది చదువుతున్న వాక్యాన్ని మధ్యలో తెంపేస్తుంది.

ఇక టైప్‌రైటర్ ఎఫెక్ట్. అక్షరం వెంట అక్షరం పడుతుంటే చూసేవాళ్లకు బాగుంటుందట. తెలుగులో అయితే అది వినేవాళ్లకు నరకం. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం కంప్యూటర్‌కు ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఒక్కొక్కటే పేజీలో పడితే మాటకు బదులు ముక్కలు వినిపిస్తాయి. ఆ హంగు కావాలంటే దాన్ని ఏరియా హిడెన్ (aria-hidden=true, స్క్రీన్ రీడర్‌కు కనపడకుండా దాచేది) పెట్టిన వేరే డివ్‌లో ఆడించుకోండి. లైవ్ డివ్‌లోకి మాత్రం పేరా మొత్తం ఒకేసారి రావాలి.

తెలుగు ఆటకు ఇంకో రెండు జాగ్రత్తలున్నాయి. పేజీకి ల్యాంగ్ అట్రిబ్యూట్ తెలుగు (lang=te) అని పెట్టండి, లేకపోతే ఇంగ్లీషు గొంతే తెలుగు చదవడానికి కుస్తీ పడుతుంది. రెండోది ఆటగాడు టైప్ చేసే మాట. "వెళ్లు", "వెళ్ళు" రెండూ ఒప్పుకోండి. కొన్ని కీబోర్డులు మాట మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని క్యారెక్టర్‌ను దూరుస్తాయి. చూపున్నవాళ్లకే దొరకని దాన్ని నేనెక్కడ పట్టుకుంటాను? పోల్చే ముందు మీ కోడే దాన్ని తీసేయాలి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లనూ కలుపుకుంటే ఇంకా మంచిది.

టెక్స్ట్ ఆటలకు పేరుపడ్డ పాత కంపెనీ ఇన్ఫోకామ్ కాలం నుంచీ ఈ ఆటల్లో పైన ఒక స్టేటస్ లైన్ ఉంటుంది, ఎడమ పక్క గది పేరు, కుడి పక్క స్కోరు, ఎత్తుల లెక్క. ప్రతిసారీ అది చదివితే విసుగొస్తుంది. దాన్ని లైవ్ డివ్‌కు బయట ఉంచి, "స్కోరు" అని అడిగితే చెప్పేలా చేయండి. టెర్మినల్‌లో పాత ఆటలు ఆడేటప్పుడు నేను డంబ్ ఫ్రాట్జ్ అనే ప్రోగ్రామ్ వాడేది ఇందుకే. అది తెరను గీసి చెరపకుండా వరుసగా కిందికి ప్రింట్ చేసుకుంటూ పోతుంది.

గీతలతో వేసిన మ్యాప్ నాకు "డాష్ డాష్ డాష్" అనే వినిపిస్తుంది. దారులు మాటల్లో చెప్పండి: "మండువాలో ఉన్నారు. ఉత్తరాన వంటిల్లు, పడమర పెరడు, అటక మీదికి నిచ్చెన." "దారులు" అని అడిగితే చివరి వాక్యం ఒక్కటీ చెబితే చాలు. బొమ్మలో దాచిన ఆధారంతోనే విడిపోయే చిక్కుముడి ఉంటే ఆ ఆధారం కథలోనూ ఉండాలి. 2019లో ఇంటరాక్టివ్ ఫిక్షన్ టెక్నాలజీ ఫౌండేషన్ ఈ ఆటల యాక్సెసిబిలిటీ మీద ఇచ్చిన నివేదిక తప్పకుండా చదవండి. వాళ్లు ఊహించి రాయలేదు, వైకల్యం ఉన్నవాళ్లతో ఆడించి చూశారు.

ఎంటర్ కొట్టాక కర్సర్ ఇన్‌పుట్ బాక్సులోనే ఉండాలి. ప్రతి ఆదేశాన్నీ కథలో హెడ్డింగ్‌గా చూపించండి, వెనక్కి వెళ్లి వినాలంటే హెచ్ కీతో ఒక్కో ఎత్తూ దూకుతాను. ఇందుకోసం నా ఆదేశం ఇంకోసారి వినపడినా పర్లేదు. ట్వైన్ లాంటి టూల్‌తో చేసిన, లింకులు ఎంచుకుంటూ ఆడే ఆటలో లింకు నొక్కగానే పాత పేరా మాయమవుతుంది, దాంతో పాటు ఫోకస్ (కీబోర్డ్ పనిచేసే చోటు) కూడా. దాన్ని కొత్త పేరా మొదటికి తీసుకురండి. లింకు నిజమైన లింకో బటనో అయి ఉండాలి, క్లిక్ తగిలించిన స్పాన్ (span) ట్యాగ్ కాదు. ఒంటి అక్షరం షార్ట్‌కట్లు వద్దు. కె కీ లింకుకు, బి కీ బటన్‌కు దూకడానికి స్క్రీన్ రీడర్ ముందే తీసేసుకుంది. టైమర్లు కూడా వద్దు. నేపథ్య సంగీతానికి విడిగా వాల్యూమ్ ఉండాలి.

టెస్టింగ్‌కు ఖర్చేమీ లేదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టాడు, అది ఉచితం, తెలుగు గొంతుతో సహా వస్తుంది. విండోస్‌లో వేసుకుని సెట్టింగ్స్‌లో స్క్రీన్ కర్టెన్ ఆన్ చేయండి, తెర నల్లబడుతుంది. (నా ల్యాప్‌టాప్‌లో అది ఎప్పుడూ ఆనే. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు చార్జింగ్ అయిపోయిందేమో అని చెప్పి వెళ్తుంటారు.) మౌస్ పక్కన పెట్టి మీ ఆట మొదటి గది నుంచి బయటపడండి. కంట్రోల్ నొక్కితే మాట ఆగుతుంది, ఇన్‌సర్ట్‌తో కింది బాణం నొక్కితే అక్కడి నుంచి చదువుతూ పోతుంది. మొదటి గంట చిరాగ్గానే ఉంటుంది. తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్‌తోనూ చూడండి, మన దగ్గర ఎక్కువమంది ఆడేది అక్కడే.

ఆ తర్వాత రోజూ స్క్రీన్ రీడర్ వాడే మనిషికి ఇవ్వండి, పనికి తగ్గ డబ్బూ ఇవ్వండి. "బాగుందా?" అని అడగకండి, మొహమాటానికి బాగుందనే అంటారు. "ఎక్కడ ఆగిపోయారు, అప్పుడు ఏం వినపడింది?" అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.