గ్రామర్ చెకరా, పారాఫ్రేజరా? రోజువారీ ఇంగ్లిష్ రాతకి ఏది వాడాలి

ఆఫీసు మెయిల్, బ్యాంకుకి కంప్లయింటు, పిల్లల స్కూలుకి లీవ్ లెటర్, అమెరికా యూనివర్సిటీకి ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం)... ఇంగ్లిష్‌లో ఏది రాయాల్సి వచ్చినా ఇప్పుడు ఏదో ఒక టూల్‌లో వేసి సరిచూసుకోవడం అలవాటైపోయింది. మంచిదే. కానీ తప్పులు చూపించే గ్రామర్ చెకర్‌తో అయిపోయే పనికి చాలామంది వాక్యాన్నే తిరగరాసే పారాఫ్రేజర్ వాడేసి, తాము అనని మాటని తమ పేరు మీద పంపేస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నా.

గ్రామర్లీ, లాంగ్వేజ్‌టూల్, వర్డ్‌లో ఉండే ఎడిటర్, గూగుల్ డాక్స్‌లో కనిపించే గీతలు, ఇవన్నీ చెకర్లు. మీ వాక్యాన్ని ముట్టుకోకుండా అనుమానం ఉన్న చోట గీత గీసి ఊరుకుంటాయి, ఆ సవరణ ఒప్పుకోవాలో వద్దో మీ ఇష్టం. పారాఫ్రేజర్ అలా కాదు, క్విల్‌బాట్‌కి ఒక వాక్యం ఇస్తే దాని బదులు ఇంకో వాక్యం చేతిలో పెడుతుంది. అయితే ఇప్పుడు గ్రామర్లీలో తిరగరాసే సదుపాయం వచ్చింది, క్విల్‌బాట్‌లో గ్రామర్ చెకర్ ఉంది, కాబట్టి కంపెనీ పేరు చూసి లాభం లేదు, ఏ బటన్ నొక్కుతున్నారో చూసుకోండి.

ఏది కావాలో తేల్చుకోవాలంటే ముందు మీ తప్పులు ఏ రకానివో తెలియాలి. ఈమధ్య మీరే రాసిన మెయిల్ ఒకటి, టూల్ తగలనిది, తీసి వర్డ్‌లోనో గూగుల్ డాక్స్‌లోనో పెట్టి గీతలు ఎక్కడ పడుతున్నాయో చూడండి. మన తెలుగువాళ్ళకి దాదాపు ఒకే రకం తప్పులు దొర్లుతుంటాయి. తెలుగులో 'ఎ', 'ది' లాంటివి లేవు కాబట్టి ఉండాల్సిన చోట వదిలేస్తాం, అక్కర్లేని చోట పెడతాం. 'ఫర్ ఫైవ్ ఇయర్స్' అనాల్సిన చోట 'సిన్స్ ఫైవ్ ఇయర్స్', 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్' అనాల్సిన చోట 'ఫ్రెండ్', 'డిడ్ నాట్ వెంట్', 'డిస్కస్ అబౌట్'. వీటిలో చాలావరకు చెకర్ పట్టేస్తుంది, ఉచిత వెర్షన్‌లో కూడా. మీ గీతలన్నీ ఈ బాపతే అయితే మీకు పారాఫ్రేజర్ అవసరం లేదు. పైగా చెకర్ ఒక్కో తప్పునీ విడిగా చూపిస్తుంది కాబట్టి కొన్నాళ్ళకి అదే తప్పు చేయడం మానేస్తారు. పారాఫ్రేజర్‌తో ఆ లాభం తక్కువ, వాక్యం మొత్తం మారిపోయాక ఏది తప్పో వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది?

చెకర్‌ని సెట్ చేసుకునేటప్పుడు భాష ఏదో ఎంచుకోవడం మర్చిపోకండి. అమెరికన్ ఇంగ్లిష్‌లో వదిలేస్తే మనం బళ్ళో నేర్చుకున్న బ్రిటిష్ స్పెల్లింగులన్నిటికీ ఎర్రగీత పడుతుంది. వర్డ్‌లో ఇండియా ఇంగ్లిష్ కూడా ఉంది. ఇంటిపేర్లు, ఊర్ల పేర్లు ఒకసారి డిక్షనరీలో చేర్చేస్తే గోల తగ్గుతుంది.

చెకర్ పట్టలేనివీ ఉన్నాయి. తెలుగులో ఆలోచించి ట్రాన్స్‌లేటర్‌లో పెట్టి తెచ్చుకునేవాళ్ళు ఇది బాగా గుర్తుంచుకోవాలి. "మేనేజర్ గారు సోమవారం వస్తానన్నారు, తర్వాత రానన్నారు" అని రాస్తే, గౌరవ బహువచనం కాస్తా 'దే' అయిపోయి ఎవరో పదిమంది మానేసినట్టు రావచ్చు. మేనేజర్ ఆవిడైతే 'హీ' కూడా రావచ్చు. వ్యాకరణం ప్రకారం రెండూ శుభ్రంగానే ఉంటాయి కాబట్టి గీత పడదు. 'నాట్' అని కొట్టాల్సింది 'నౌ' అని కొట్టినా అంతే, రాలేనన్నది ఇప్పుడు రాగలనుగా మారిపోతుంది. తేదీలు, మొత్తాలు, పేర్లు, అవును-కాదు మాటలు మీ కళ్ళతో మీరే చూసుకోవాలి.

మరి పారాఫ్రేజర్ ఎప్పుడు? వాక్యంలో తప్పు లేదు కానీ నాలుగు లైన్లు సాగింది, లేదా ఒకే మాట మూడుసార్లు వచ్చింది, లేదా కోపంలో రాసిన మెయిల్ కాస్త మెత్తబడాలి. అలాంటప్పుడు ఆ ఒక్క వాక్యం మాత్రమే ఇవ్వండి, పేరా మొత్తం కాదు. క్విల్‌బాట్ ఉచిత వెర్షన్‌లో ఒకసారికి 125 పదాలే పడతాయి, నిజానికి ఆ పరిమితి మనకి మేలే చేస్తుంది. పర్యాయపదాలు ఎన్ని మార్చాలో చెప్పే స్లైడర్‌ని తక్కువలోనే ఉంచండి. అది పెరిగేకొద్దీ మాటలు ఎక్కువ మారతాయి, అర్థం జారిపోయే ప్రమాదమూ పెరుగుతుంది.

ఎంత జారుతుందంటే, 2021లో గియోమ్ కబనాక్ అనే ఫ్రెంచ్ పరిశోధకుడు, ఆయన సహచరులు అచ్చయిన సైన్స్ పేపర్లలో వింత పదబంధాలు బయటపెట్టారు. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' ఉండాల్సిన చోట 'కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్', అంటే దొంగ స్పృహ! 'బ్రెస్ట్ క్యాన్సర్' ఉండాల్సిన చోట 'బోజమ్ పెరిల్'. పాత రకం సాఫ్ట్‌వేర్ మాటకి మాట మార్చుకుంటూ పోయిన ఫలితం అది. ఇప్పటి టూల్స్ ఇంత ఘోరంగా లేవు, తప్పు ఇప్పుడు నున్నగా వస్తుంది. ఇంటి ఓనర్‌కి 'మే' అని రాసింది 'విల్' అయిపోయిందనుకోండి, ఖాళీ చేయొచ్చు అన్నది ఖాళీ చేస్తాను అయిపోతుంది. అందుకే నా లెక్క ఒకటే: పాత వాక్యానికీ కొత్త వాక్యానికీ అర్థంలో తేడా మీరు పసిగట్టగలిగితేనే పారాఫ్రేజర్ వాడండి. అగ్రిమెంట్లు, రాజీనామా, పోలీసు ఫిర్యాదు, డాక్టర్‌కి రాసేవి, వీటి జోలికి దాన్ని అస్సలు రానివ్వకండి.

థీసిస్ రాసేవాళ్ళు సిమిలారిటీ శాతం (ఇతరుల రాతతో ఎంత పోలిక ఉందో చెప్పే లెక్క) తగ్గించడానికే పారాఫ్రేజర్ కొంటున్నారు. యూనివర్సిటీలని పర్యవేక్షించే యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు పోలికకి శిక్ష లేదన్నది అందరికీ కంఠతా వచ్చు, కానీ అదే నిబంధనల్లో మరొకరి పనినే కాదు, ఆలోచనని తనదిగా చూపించడం కూడా చౌర్యమే అని ఉన్న సంగతి ఎవరూ చెప్పరు. మాటలు మార్చినంత మాత్రాన ఆలోచన మీదైపోదు. పైగా కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్ ఇప్పుడు ఏఐతో పారాఫ్రేజ్ చేసినట్టు అనిపించిన భాగాలని కూడా గుర్తుపెట్టి చూపిస్తోంది. ఎస్‌ఓపీ సంగతీ అంతే, సీనియర్ ఇచ్చిన ఫైలుని తిప్పి రాయించుకుంటే మాటలు కొత్తవవుతాయి గానీ కథ మాత్రం సీనియర్‌దే. మీ కథ మీ వచ్చీరాని ఇంగ్లిష్‌లో రాసి చెకర్‌లో వేయండి చాలు.

చాట్‌జీపీటీ, జెమినీ రెండు పనులూ చేస్తాయి కదా అంటారా? చేస్తాయి, కానీ ఊరికే 'సరిచెయ్' అంటే తిరగరాసేస్తాయి. "తప్పులు మాత్రమే దిద్దు, నా మాటలు మార్చకు, ఏం మార్చావో విడిగా చెప్పు" అని అడగండి, తెలుగులో అడిగినా సరే. అప్పుడది చాలావరకు చెకర్‌లా పనిచేస్తుంది.

ఇంకో సంగతి, ఈ టూల్స్‌లో చాలావరకు మీరు టైప్ చేసింది వాళ్ళ సర్వర్‌కి వెళ్తుంది. క్లయింటు డాక్యుమెంట్లు, ఆధార్, పాన్ నంబర్లు ఉన్న ఉత్తరాలు అందులో పెట్టొద్దు, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేసుకునే ముందు ఆఫీసులో అడగండి. సాంకేతికంగా కాస్త చేయి తిరిగినవాళ్ళయితే లాంగ్వేజ్‌టూల్ ఓపెన్ సోర్స్ వెర్షన్‌ని సొంత కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు.

డబ్బు కట్టే ముందు ఉచితంగా ఒక నెల వాడి చూడండి. ఏడాది ప్లాన్లు సాధారణంగా వాటంతటవే రెన్యూ అవుతాయి. 15,000 రూపాయల లోపు ఆటోపేకి ప్రతిసారీ ఓటీపీ అడగరు, ముందురోజు ఒక మెసేజ్ వస్తుందంతే, అది మనం చూడం. కట్టిన రోజే ఆటో రెన్యూవల్ ఆపేసుకుంటే టెన్షన్ ఉండదు.