పాత పాస్టరు బంగ్లా గోడకు చెమ్మెక్కితే

అబ్రహాం ఫ్రీసెన్ నల్గొండకు వచ్చింది 1890లో. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ (ఒక క్రైస్తవ శాఖ) మిషనరీ, పనిచేసింది మాత్రం అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద. ఆ కాలపు కట్టడాల పద్ధతి రాతి గోడ, డంగు సున్నం (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం). అలాంటి బంగ్లా గోడ అడుగున పెచ్చులూడితే మేస్త్రీ ముందు సిమెంటే అంటాడు. సిమెంటు ఫ్యాక్టరీలున్న వాడపల్లి ఈ జిల్లాలోదే కదా, సిమెంటుకు కొదవ లేదు. ఒప్పుకోకండి. నేలలోంచి ఎక్కిన తడి సున్నం గుండా ఆరిపోతుంది. సిమెంటు అడ్డుపడితే ఆ తడి ఇంకా పైకి పాకుతుంది, చౌడు (తడితో పాటు వచ్చే ఉప్పు) వెనకాల పేరుకుని ప్లాస్టరును పలకలుగా తోసేస్తుంది.

ఇదివరకే ఎవరైనా సిమెంటు పూశారేమో మేకుతో గీసి చూడండి. సున్నమైతే తెల్లపొడి రాలుతుంది. సిమెంటైతే మేకు జారుతుంది, బూడిదరంగు గీత పడుతుంది.

గోడ ముట్టకముందే నీళ్ల దారి వెతకండి. చాలాచోట్ల అసలు దోషం బయటే ఉంటుంది: రోడ్డు మీద రోడ్డు వేసి, ఆవరణలో మొరం పోసి, నేల ఇంటి గచ్చు కంటే ఎత్తయి ఉంటుంది. గోడ చుట్టూ మట్టి తీసి, గచ్చుకు కనీసం అరడుగు కిందికి దించి, నీళ్లు బయటికి పోయేలా వాలు ఇవ్వండి. ఈ పని వదిలేస్తే మిగతా ఖర్చంతా దండగ.

తర్వాత సిమెంటును ఉలితో నెమ్మదిగా తీయండి, డ్రిల్లు మిషన్ పెడితే రాళ్లు కదులుతాయి. సందుల్లో పొడిబారిన సున్నాన్ని ముప్పావు అంగుళం లోతుకు గీకి, చౌడును పొడి బ్రష్‌తో దులిపి, వీలైతే ఒక ఎండాకాలం అలాగే ఆరనివ్వండి.

గడ్డ సున్నాన్ని (కాల్చిన సున్నపురాయిని) నీళ్లలో వేయాలి, సున్నం మీద నీళ్లు పోయొద్దు. ఒక్కసారిగా ఉడికి కళ్లలోకి చిమ్ముతుంది, అద్దాలు తప్పనిసరి. కనీసం 15 రోజులు నీటి కింద నాననిచ్చి వడకట్టండి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక. ఉప్పులేని వాగు ఇసుక కావాలి, రాతిపొడి వద్దు. కరక్కాయ, బెల్లం నీళ్లు కలపడం పాత అలవాటే, కానీ ఎంత బెల్లం వేస్తే అంత బలం అనుకోవద్దు. ఎక్కువైతే గట్టిపడదు.

గోడ తడిపి, అరంగుళం మించకుండా పూయండి. మందంగా ఒకేసారి కొడితే పగుళ్లిస్తుంది. వారం ఆగి రెండో పూత. తడి గోనెపట్టాలు వేలాడదీసి రెండు వారాలు నీడలో ఆరనివ్వాలి, అందుకే నల్గొండ ఎండల్లో ఏప్రిల్, మే నెలలు వద్దు, దసరా తర్వాత మొదలుపెట్టండి. పైన పల్చటి సున్నం మూడుసార్లు కొడితే చాలు. ఎమల్షన్ రంగు వేస్తే మళ్లీ తడికి మూత పెట్టినట్టే.