పాత వెండి కప్పు తోమాలా? ముందు మీద ఉన్న పేరు చూడండి

కోనసీమలో పాత పెంకుటిల్లు విప్పినప్పుడల్లా అటక మీంచి ఎప్పుడో ఆటల్లో బహుమతిగా వచ్చిన ఓ వెండి కప్పు దిగుతుంది. దిగీ దిగగానే ఎవరో ఒకరు చింతపండు పట్టుకొస్తారు. ఆ చింతపండు పులుసులోకి దాచండి.

కావలసినవి: కుంకుడు రసం, మెత్తటి సుద్దపొడి, పాత నూలు పంచె ముక్క, ఇయర్‌బడ్స్. కుంకుడు రసమే, గిన్నెలు తోమే సబ్బు కాదు. చెక్క పీఠానికి ఉన్న మర విప్పి కప్పు వేరుచేయండి. నీళ్లలో ముంచొద్దు, చేతిపిడులు బోలుగా ఉంటే నీరు లోపలే ఉండిపోతుంది. కుంకుడు రసంలో తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు.

ముద్ర చూడండి. ఇంగ్లండు ముద్రల్లో నడిచే సింహం ఉంటే 92.5 శాతం వెండి, పక్కన లంగరు ఉంటే అక్కడి బర్మింగ్‌హామ్‌ ఊళ్లో పరీక్షించింది. ఈ.పీ.ఎన్.ఎస్. అని ఉంటే వేరే లోహం మీద వెండి పైపూతే. దాన్ని తుడిచి వదిలేయండి, తోమితే పూత పోతుంది.

ఇక అక్షరాలు. కప్పులు పాడయ్యేది ఇక్కడే. నలుపంటే గాలిలోని గంధకంతో కలిసిన వెండే. తోమినప్పుడల్లా ఆ వెండి కాస్త పోతుంది. చెక్కిన అక్షరం లోతు ఎంతని? మా నాన్నమ్మ ఏటా సంక్రాంతికి మా తాతయ్య టెన్నిస్ కప్పుని బూడిదతో తళతళలాడించేది. పేరు పోయింది, సంవత్సరంలో చివరి అంకె పోయింది. ‘రన్నర్స్’ అన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు. తాతయ్య గెలిచాననే చెప్పేవాడు.

అందుకే ముందు టార్చి పక్కవాటుగా వేసి పేరు చదివి, ఫొటో తీసుకోండి. సుద్దని గంధంలా కలిపి, గుడ్డ చుట్టిన వేలితో ఒకే దిశలో, అక్షరాల చుట్టూ మాత్రమే నెమ్మదిగా రాయండి. గీతల్లో ఉన్న నలుపు జోలికి పోకండి, పేరు కనబడేది దానివల్లే. సుద్ద ఇరుక్కుంటే తడి ఇయర్‌బడ్‌తో తీయండి. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ల చిట్కాలో వెండి పోదు, ఒప్పుకుంటాను. కానీ గీతల్లో నలుపు కూడా విడిచిపోయి పేరు వెలవెలబోతుంది. 1926లో క్రికెటర్ సి.కె. నాయుడు తమ మీద 153 పరుగులు కొట్టినందుకు ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు ఆయనకి వెండి బ్యాట్ ఇచ్చింది. పేరు చెరిగితే అలాంటిదైనా తూకానికే.

ఆరాక నూలుగుడ్డలో చుట్టండి. ఉన్ని వద్దు, రబ్బరు బ్యాండు అసలే వద్దు. రబ్బరులోని గంధకం నల్లటి చార వేస్తుంది. మన గోదారి వానాకాలం తేమకి బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన పడేయండి.